మోటారు మీద గీసిన గుర్తు

“ఏవన్నా చెప్పాలా చెల్లెమ్మా?”

“ఏం లేదండీ. ఇటు పని మీద వచ్చి ఆగాను.”

“సరే. భీమడోలు బస్సు అటు పక్క ఆగుద్ది. రోడ్డు చూసుకుని దాటండి.”

అంతేనండి. సామేలుగారూ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్లే దారిలో, ఆయన షెడ్డు ముందర. ఏం లేదండీ అన్నానే, అది అబద్ధం. చెప్పడానికే బస్సెక్కాను. దారంతా ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ వెళ్లాను. తీరా ఆయన చేతుల మడ్డి గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి అడిగితే, ఏం లేదండీ అన్నాను. ఆయన మొహంలోకి చూశాను. ఈయనకి ముందే తెలుసేమో, నా నోటితో చెప్పించాలని అడుగుతున్నాడేమో అని కూడా అనుకున్నాను. అప్పుడు కూడా అనుమానమే.

ఈ సంగతి నా దగ్గర ఏళ్ల తరబడి ఉంది. మా ఆయన బతికుండగా ఆయనకీ చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి చెప్పావా అంటే, అక్కడా చుట్టూ తిప్పే చెప్పాను. “తెలిసీ తెలియక చేసిన తప్పులు” అనేదాన్ని. తెలియక చేసింది ఒకటి, తెలిసి చేసింది ఒకటి. రెండూ ఒక మాటలో కలిపేస్తే ఆ రెండోది కనపడదు కదండీ.

నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, పెద్దక్షరాల బైబిలు కూడబలుక్కుని చదువుతాను. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు కరుణ రాస్తోంది. నా పేరు రాయొద్దన్నాను. ఊరి పేరూ వద్దన్నాను. భీమడోలు రైలు గేటు దాటి కొల్లేటి వైపు దిగితే వచ్చే ఊళ్లలో ఒకటనుకోండి. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లయితే మీ మొహం చూసి మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మా ఆయన చేపలు తోలేవారు. చెరువుల మీద పట్టిన చేపని ట్రేల్లో ఐసు వేసి ఏలూరు చేర్చడం, చెరువులకి మేత కావాలంటే గూడెం వైపు మిల్లుల నుంచి తవుడు బస్తాలు తేవడం. మొదట్లో అద్దె బండి. తర్వాత సొంతానికి ఒకటి కొందామని ఇంట్లో మాటొచ్చింది. మూడు చక్రాల ట్రాలీ ఆటో కొనాలా, నాలుగు చక్రాల పాత పికప్పు కొనాలా? మా ఆయనకి ఏదీ తెగేది కాదు. ఎవరి మాట వింటే వాళ్ల మాటే నిజమనిపించే మనిషి ఆయన. దానికి కూడా సామేలుగారి దగ్గరికే పరిగెత్తారు.

సామేలుగారు మెకానిక్కండి. భీమడోల్లో గేటు పక్కన షెడ్డు. మాదీ ఆయనదీ ఒకటే సంఘం. ఆదివారం గుడిలో మా ఆయన పక్కనే కూర్చునేవారు. నన్ను చెల్లెమ్మా అనేవారు, మా ఆయన్ని బావా అనేవారు. చుట్టరికం ఏమీ లేదు, ఊరికే. మంచివాడా? పనిమంతుడే గానీ నోటి దురుసు. తన పని గురించి తనే చెప్పుకునేవాడు. నమిలిన కిళ్లీ ఎక్కడ పడితే అక్కడ ఊసేవాడు. మా వాకిట్లో కూడా. నాకాయనంటే మొదట్నుంచీ గిట్టేది కాదు. ఇదీ చెప్పాలి కదా, దాచకుండా.

పెంటపాడులో ఎవరిదో పాత పికప్పు అమ్మకానికుందని ఆయనే తీసుకొచ్చారు. మా ఇంటి ముందాపి, సీటెత్తి ఇంజను చూపించారు.

“దీంట్లో దాపరికం లేదు బావా. సీటెత్తితే ఇంజను. రెండు పానాలుంటే గట్టు మీదే విప్పి గట్టు మీదే బిగించొచ్చు. కమాను పట్టీ విరిగితే మీ ఊరి కమ్మరే వేసిస్తాడు. ఆటో అంటావా, వెనక బస్తాలేసి గట్టెక్కించు, ముందు చక్రం లేచి నీకు దణ్ణం పెడుద్ది.”

మా ఆయన నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి అడిగాను. “అన్నయ్యగారూ, అంత తేలిగ్గా విప్పేదంటే, అస్తమానం విప్పాల్సొస్తుందనా?”

“మంచి మాటడిగావు చెల్లెమ్మా. విప్పాల్సొస్తుంది. పాతది కదా. మరి నా పిల్లలు కూడా అన్నం తినాలిగా!”

అందరూ నవ్వారు. ఆయన ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట లోపల దిగిపోయింది. చెడిపోయే బండి చూసి మరీ అంటగడుతున్నాడు, దాన్ని బాగుచేస్తూ బతుకుతాడు, అనుకున్నాను.

నా అనుమానానికి వేరు ఒకటుందండి. మా పుట్టింట్లో పొలానికి నీళ్లు తోడే ఆయిలింజను ఉండేది. ఒకసారి బాగుకిస్తే, తిరిగొచ్చాక అది మునుపట్లా లాగలేదు. లోపలి మంచి సామాను తీసేసి పాతవి పెట్టాడని మా నాన్న చచ్చేదాకా ఆ మెకానిక్కుని తిట్టాడు. మెకానిక్కుల షెడ్లో రాగి తీగ కుప్ప కనపడితే చాలు, “అది ఎవరి కొంపదో” అనేవాడు. అది నిజమో కాదో ఇప్పుడు నాకు తెలియదు. చిన్నప్పుడు వింటే నిజమే.

బండి కొన్నాం. దాన్ని ఊరికే ఆడిపోసుకోను. బలమైన బండి. ఎన్ని ట్రేలు పేర్చినా మాటాడేది కాదు. వానాకాలం గట్టు జారుతున్నా ముక్కుతూ మూలుగుతూ ఎక్కేది. కానీ చెడిపోయేది. ఇవాళ క్లచ్చు వైరు, రేపు రేడియేటరు గొట్టం. అన్నిటికీ మా ఆయన సామేలుగారికి కబురు పెట్టడం, ఆయన మోపెడ్డేసుకుని రావడం, గట్టు మీద గోనెసంచి పరుచుకుని బండి కింద దూరడం. అక్కడికక్కడే బాగయ్యేది. అది మా ఆయనకి గొప్పగా కనపడేది. నాకేమో ఇంత తొందరగా బాగయ్యేది ఇంత తొందరగా ఎలా చెడుతుంది అనిపించేది. విప్పిన పాత సామాను ఏదండీ అంటే, “పారేశానమ్మా, దాంతో ఏం చేస్తావు, పులుసు పెడతావా?” అనేవాడు.

తర్వాత సెల్ఫు పట్టడం మానేసింది. తాళం తిప్పితే కిర్రుమని ఆగిపోయేది. తెల్లారి చేపలెక్కించాక గట్టు మీద బండిని నెట్టాలి. చేపలు పట్టే కూలీలు, మా ఆయన, నేను. కాళ్ల కింద బురద. పైనుంచి ఐసు కరిగి చేపల నీళ్లు నా మెడ మీద కారేవి. అలా నెట్టిన ఒకరోజు మా ఆయన, సెల్ఫు మోటారు విప్పి ఇస్తే ఏలూరులో కొత్త తీగ చుట్టించి వైండింగు కట్టిస్తానని సామేలుబావ అన్నాడు, బండి రేపు షెడ్లో పెడతాను అన్నారు.

మోటారు. వైండింగు. రాగి. నాకు మా నాన్న గొంతు వినపడింది.

మర్నాడు పొద్దున ఆయన స్నానం చేస్తుంటే నేను ఒక మేకు పట్టుకుని బండెక్కాను. సీటెత్తాను. మోటారు ఏదో నాకు తెలియదు. ఎవర్ని అడుగుతాను, దొంగతనంగా చేసే పనాయె. ఇంజను పక్కన బెల్టు తగులుకుని గుండ్రంగా ఒకటుంది. తెల్లని ఇనుము. దాని చిల్లుల్లోంచి లోపల రాగి తీగ మిలమిలా కనపడింది. ఇంకేం కావాలి? రాగి ఉన్నదే మోటారు. దాని మీద సిలువ గీశాను. పెళ్లిళ్లకి గిన్నెలు ఇచ్చేటప్పుడు అడుగున అదే గుర్తు గీస్తాం మేము, మా గిన్నె మాకు రావడానికి. అడ్డగీత గీస్తుండగా మా ఆయన “తువ్వాలేదీ?” అని కేకేశారు. ఉలిక్కిపడి మేకు జారింది. ఆ గీత ఒక పక్కకి పొడుగ్గా సాగిపోయింది. సీటు మూసేసి దిగాను.

బండి తిరిగొచ్చింది. తాళం ఇలా తిప్పితే అలా అందుకుంది. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం అనుమానం ఇంకా బలపడింది. మన పాత మోటారే అయితే ఇంత చురుగ్గా ఎందుకు తిరుగుతుంది?

“ఏదండీ, ఆయన కట్టించిన మోటారు?” అన్నాను.

ఆయన బండి పక్కన వంగి, కింద వేలు పెట్టి చూపించారు. నల్లగా, కొత్త రంగుతో ఉంది. సిలువ లేదు.

నేను గీసింది తెల్లటి దాని మీద. ఇదేమో నల్లది. ఆ చూపించిన చోటు వేరు, నేను గీసిన చోటు వేరు అన్న ఆలోచన నాకు రాలేదా అని మీరడగొచ్చు. నన్ను నేనే చాలాసార్లు అడుక్కున్నాను. వచ్చిందేమో. వచ్చినా దాన్ని లోపలికి రానివ్వలేదేమో. సీటెత్తి ఇంకోసారి చూస్తే తేలిపోయేది. చెయ్యి చాపితే అందే దూరం. ఎందుకు ఎత్తలేదు? నాకు కావలసింది దొరికింది కాబట్టి. ఇన్నాళ్లు నేను అనుమానించింది నిజమైంది కాబట్టి. అనుమానం నిజమైతే మనిషికి ఒక తృప్తి ఉంటుందండి. సిగ్గులేని తృప్తి.

మా ఆయనకి చెబితే నమ్మలేదు. “రంగు వేయించుంటాడే. ఊరుకో” అన్నారు. ఊరుకోలేదు. మంగళవారం స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు ఉంటే చెప్పమంటారు. ఒకరు మోకాళ్ల నొప్పులంటారు, ఒకరు కొడుకు చదువంటారు. నేను లేచి, “మా బండి మోటారు మార్చేసినవాళ్ల మనసు ప్రభువు మార్చాలని ప్రార్థించండి” అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? మా బండి విప్పేది ఒక్కరే. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. కళ్లు తెరిచేసరికి సామేలుగారు దొంగైపోయారు.

మా సంఘంలో నెలకి మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే అది తేలేదాకా ఆ మనిషిని బల్ల నుంచి ఆపుతారు. కొట్టరు, తిట్టరు, వెలివెయ్యరు. పక్కనే కూర్చుంటారు, పలకరిస్తారు. పళ్లెం మాత్రం ఆ మనిషిని దాటి వెళ్లిపోతుంది. తెలియనివాళ్లకి అదెంతో అనిపించదు. మాకు అంతకంటే చిన్నతనం లేదు.

ఆ మాట చెవిన పడి సంఘ పెద్దలు గుడి వరండాలో నన్నూ సామేలుగారినీ కూర్చోబెట్టారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మెత్తటి మనిషి. నేను సిలువ గీశానని చెప్పాను. పెద్దలు మా బండి కింద వంగి చూసి, లేదన్నారు.

“ఎవరు చూస్తుండగా గీశావు చెల్లెమ్మా?” అన్నారు సామేలుగారు.

“దేవుడు చూస్తుండగా.”

ఆ మాట అన్నది నేనే. ఎంత ధైర్యంగా అన్నానో.

ఆయన, “రంగు వేసే ముందు మడ్డి పోవడానికి ఇనప బ్రష్షుతో గీకిస్తాం. గీత ఉంటే అందులో పోయుంటుంది. మోటారు మాత్రం వాళ్లదే” అన్నారు. పెద్దల్లో ఒకాయన పట్టుకున్నాడు. “అంటే గీత ఉందని ఒప్పుకుంటున్నట్టేగా?” అని. పాపం, నా తప్పుకి సామేలుగారే సందు వెతికి పెట్టారు, అది ఆయన మెడకే చుట్టుకుంది.

“తప్పయిందని ఒక్క మాటనండి సామేలుగారూ. ప్రార్థన చేసుకుని ముగించేద్దాం” అన్నారు అయ్యగారు.

“చేస్తే అంటానండి. అబద్ధమాడి రొట్టె తినమంటారా?”

ఆయన్ని బల్ల నుంచి ఆపేశారు. ఆ నెల నుంచి ఆయన వెనక వరసలోకి మారారు. పాటలు పాడేవారు, వాక్యం వినేవారు. రొట్టె పళ్లెం కదలగానే లేచి బయటికెళ్లి తన మోపెడ్డు దగ్గర నిలబడేవారు. ఆయన భార్య మార్తమ్మగారు కూడా తీసుకోవడం మానేశారు. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు. ఆవిడే తీసుకోలేదు. నేను తీసుకున్నాను. నెలనెలా.

ఇక మా బండి సంగతి వినండి. సామేలుగారు మా బండి ముట్టుకోనన్నారు. ఆయన మానేస్తే ఇంకొకరు లేరా అనుకున్నాను. భీమడోల్లో ఇంకో షెడ్డుకి తీసుకెళ్తే అతను చేతులు వెనక్కి పెట్టుకుని, “మీ బండి మీద గుర్తులు పెడతారంట కదండీ? ఏ నట్టు మీద ఏముందో మాకేం తెలుసు. వేరే చోటు చూసుకోండి” అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఏలూరు రోడ్డులో ఇంకొకడు పని మొదలుపెట్టే ముందు మా ఆయన్ని పక్కన నిలబెట్టి, “రండి సార్, ఈ బోల్టు మీదేనా? ఇది మీదేనా?” అని ఒక్కొక్కటీ చూపించాడట. మా ఆయన అన్నం తినకుండా పడుకున్నారు ఆ పూట. రెండు పానాలతో గట్టు మీద బాగయ్యే బండేనండి అది. విప్పడానికి వచ్చే మనిషే లేకుండా పోయాడు.

కొల్లేట్లో ప్రభుత్వం వాళ్లు చెరువు గట్లు కొట్టేసిన రోజులవి. చేప తగ్గింది, కిరాయిలు తగ్గాయి. అప్పుడప్పుడే చిన్న నాలుగు చక్రాల బళ్లు కొత్తగా వస్తున్నాయి. ఏలూరు నుంచి షోరూం కుర్రాయన ఒకటి తోలుకొచ్చి మా వాకిట్లో పెట్టాడు. మళ్లీ అదే చర్చ. డీజిలు తక్కువ తాగుతుంది. ఇరుకు గట్టు మీద తిప్పుకోవచ్చు. కానీ తొట్టి చిన్నది, ట్రేలు ఒక వరస తగ్గుతాయి. పొట్ట నేలకి దగ్గర, గట్టు మధ్య దిబ్బ తగులుతుంది. ఏదన్నా అయితే కంపెనీ షెడ్డుకే వెళ్లాలి. “మీరేం విప్పక్కర్లేదండి, మేమున్నాంగా” అన్నాడు ఆ అబ్బాయి. మా ఆయన బండి చుట్టూ తిరిగి, “సామేలుబావ ఉంటే ఒకసారి కింద దూరి చూసి చెప్పేవాడు” అన్నారు, ఎవరితోనూ కాదు, తనలో తనే. నాకు మాత్రం ఆ బండి నచ్చింది. దారిన పోయేవాడు ఎవడూ చెయ్యి పెట్టలేని బండి. అందుకే నచ్చింది. కొనమన్నాను.

పాతది ముదినేపల్లి ఆయన కొనుక్కున్నాడు. తీసుకెళ్లడానికి వస్తున్నాడని, నన్ను కడిగి పెట్టమన్నారు మా ఆయన. తొట్టి కడిగాను, పొలుసులు గీకాను. సీటు కింద మడ్డి ఉంటే బేరం దగ్గర నసుగుతాడేమోనని సీటెత్తి గుడ్డ పెట్టి తుడిచాను. బెల్టు పక్కన గుండ్రటిది. తెల్లది. చిల్లుల్లో రాగి. గుడ్డ లాగగానే గీత కనపడింది. సిలువ. అడ్డగీత ఒక పక్కకి పొడుగ్గా జారిన సిలువ.

మా ఆయన బయటే ఉన్నారు. “ఏవండీ, ఇదేంటండీ ఈ గుండ్రటిది?” అన్నాను, దాని మీద గుడ్డ కప్పి.

“డైనమో. బ్యాటరీకి చార్జింగు ఎక్కించేది. ఎందుకు?”

“ఏం లేదు. మడ్డి పట్టింది.”

ఇక్కడ ఆగి చెప్పాలి. అది కనపడగానే నాకు ముందొచ్చిన ఆలోచన సామేలుగారి గురించి కాదు. ఎవరైనా చూశారా అని. రెండో ఆలోచన ఇంకా పాడుది. నన్ను ఇరికించడానికి ఆయనే ఎప్పుడో వచ్చి గీసిపోయాడేమో అని. జారిన గీత నాది, నా చెయ్యి జారిందని నాకు తెలుసు. అయినా ఆ ఆలోచనని చాన్నాళ్లు పట్టుకుని వేలాడాను. నాకు అది కావలసొచ్చింది.

ఇటుక ముక్క తెచ్చి రుద్దాను. మెత్తటి ఇనుము కాబట్టి పోయింది. గీత పోయేదాకా రుద్ది, పైన కాస్త మడ్డి పూసి, సీటు మూసేశాను. సాయంత్రానికి బండి ముదినేపల్లి వెళ్లిపోయింది. ఆ వచ్చిన ఆదివారమే బల్ల. పళ్లెం వచ్చింది. రొట్టె తీసుకున్నాను. బయట మోపెడ్డు పక్కన ఆయన నిలబడి ఉన్నారు. కిటికీలోంచి వీపు కనపడింది.

ఎందుకు చెప్పలేదు? అప్పుడైతే కారణాలు చాలా ఉండేవి. పెద్దలు తీర్చేశారు, ఇప్పుడు వాళ్ల మాట పోతుంది. మా ఆయన ఊళ్లో తలెత్తుకోలేరు. సామేలుగారు ఎలాగూ నోటి దురుసు మనిషి, కాస్త అణిగితే తప్పులేదు. ఇది కూడా అనుకున్నాను. అన్నీ వరసగా నిలబడి ఉండేవి, ఒకటి పడితే ఇంకొకటి. వాటన్నిటి వెనకా ఉన్నది మాత్రం ఒకటే. ఆ వరండాలో నేను “దేవుడు చూస్తుండగా” అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటే నేనేమవుతాను?

కొత్త బండి చెడ్డదని చెప్పను. చాలాకాలం చక్కగానే నడిచింది. ఒకసారి మాత్రం చేపలతో నిండుగా ఉండి గట్టు మీద ఆగిపోయింది. కంపెనీ వాళ్లు ఫోన్లో రేపొస్తామన్నారు. ట్రాక్టరు కట్టి ఏలూరు లాక్కెళ్లారు. చేరేసరికి చేప మెత్తబడింది. మా ఆయన నా వైపు చూసి, “అదే పాతదైతే...” అని ఆగిపోయారు. ఆయనకి తెలుసా? సీటు కింద నేను అంతసేపు రుద్దుతుంటే ఆ చప్పుడు వినపడలేదా? నన్ను ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం మంచితనమా, నన్ను కనిపెట్టి చూడటమా అని ఆయన మీద కూడా అనుమానపడ్డాను. గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు. ఇక అది తేలదు.

సామేలుగారు అప్పటికే షెడ్డు ఎత్తేసి గూడెం వెళ్లిపోయారు. అక్కడా ఏదో గుడికి వెళ్లేవారట, వెనకే కూర్చునేవారట. కొత్త ఊళ్లో ఆయన్ని ఆపినవాళ్లెవరూ లేరు. చెయ్యి చాపితే రొట్టె పెట్టేవాళ్లే. “మా సంఘంలో నా సంగతి తేలలేదండి” అని ఆయనే తీసుకోలేదట. ఈ మాట తెలిసాకే నేను బస్సెక్కాను. మొదట్లో చెప్పానే, ఆ రోజు. ఏం లేదండీ అని తిరిగొచ్చేశాను. వచ్చే నెల మళ్లీ వెళ్దామనుకున్నాను. ఆ వచ్చే నెల రాకుండానే ఆయన జబ్బు చేసి పోయారని తెలిసింది. సమాధికి కూడా వెళ్లలేదు నేను.

మార్తమ్మగారు పెంటపాడులో కూతురి దగ్గర ఉన్నారు. ఆవిడ ఇప్పటికీ బల్ల తీసుకోవడం లేదట. “ఆయన చెయ్యి చాపని చోట నేనెందుకు చాపుతాను” అందట. ఇది విన్నాక నేనూ మానేశాను. మోకాళ్ల నొప్పులు, ముందుకు నడవలేనని చెబుతున్నాను. పళ్లెం మన దగ్గరికే తెస్తారని అందరికీ తెలుసు. నేను మానేస్తే ఆవిడకి ఏమొస్తుంది? ఆవిడకి కావలసింది నా ఉపవాసం కాదు. మీ ఆయన దొంగ కాదు అన్న మాట. ఆ మాట నా ఒక్కదాని దగ్గరే ఉంది.

కరుణ రాయడం ఆపింది. “పెద్దమ్మా, ఆయనా లేరు, పెదనాన్నా లేరు. ఇప్పుడిది ఎందుకు?” అంటోంది. మార్తమ్మగారు ఉన్నారు కదే. రాయి.

సామేలుగారి పేరు మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాను. చదివినవాళ్లలో మా వాళ్లెవరైనా ఉంటే పోల్చుకుంటారు. పోల్చుకుని పెద్దల దగ్గరికి తీసుకెళ్తారేమో. అలా అన్నాక నాకే తట్టింది. ఆ మంగళవారం ఆయన పేరు చెప్పకుండా ఆయన్ని బయట పెట్టాను. ఇప్పుడు ఆయన పేరు చెప్పి నా పేరు దాచుకుంటున్నాను. రెండుసార్లూ చాటున ఉన్నది నేనే. దీన్ని ఒప్పుకోవడం అంటారా? నాకు తెలియదండి. మీరు నన్ను క్షమించండి అని అడగను. మీరెవరు నన్ను క్షమించడానికి? ఆయన మోటారు మార్చలేదు. నేను గుర్తు తప్పు చోట పెట్టాను. తెలిసాక రుద్దేశాను. ఈ మూడు మాటలు ఇప్పటిదాకా నా నోటి నుంచి బయటికి రాలేదు. ఇప్పుడు వచ్చాయి.

కరుణా, ఇక చాలు. పెన్ను పక్కన పెట్టు. మొదట్నుంచి చదివి వినిపించు. నువ్వు మంచిపిల్లవి, నా మీద జాలిపడి మెత్తటి మాటలేవన్నా వేసుంటావు. నేను రుద్దేశాను అన్నచోట చెరిగిపోయింది అని రాసుంటావు. అక్కడికొచ్చాక నెమ్మదిగా చదువు. చదువమ్మా. వింటున్నాను.